కొలత

సిరొంచల కరెంటు రెండుసార్లు పోయింది.
తొంభై శాతం కాడ ఆగిన గీత
మళ్లా సున్నా నుంచి.

దుర్గం మొండయ్య బల్ల మీద కూసున్నడు,
మెమరీ కార్డు చుట్టి తెచ్చిన బీడీకట్ట కాయితం
ఇంకా చేతులనే.
ఇంట్ల ఉన్నది పాత డిస్కు ప్లేయరొక్కటే,
ఫోన్ల బొమ్మ దానికి తెల్వది.

చీకటి పడంగ డిస్కు తిరిగింది.
ప్రాణహిత, నాటుపడవ,
పడవల పోసుబాయి.
నలుచదరం బొమ్మ అడ్డంగ సాగి
చెంపలు నిండినయి,
మెడ కింది గుంట పూడింది.

"కొలత తప్పింది కాకా, సరిచేస్త.
ఇంకో గంట."

తెర దగ్గరికి జరిగిండు.
"ఆ యేడు దానికి బువ్వ దిగలె.
గట్లనే ఉండనీ."

మార్కరు తీసి
డిస్కు మీద ఏం రాయాలె అంటే
పేరు చెప్పిండు,
తారీఖు వద్దన్నడు.