పరదేశి దారాల కొట్టు

మా నాన్న పేరు పరదేశి.
ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని
మూడోవాణ్ణి చాటలో పడుకోబెట్టి
పక్కింటావిడకి గుప్పెడు నూకలకి అమ్మి
మళ్ళీ కొనుక్కొచ్చి
మనవాడు కాడు అన్నట్టుగా పెట్టిన పేరు.
కొత్తవలస దాటి ఎరగడు.
కురుపాం మార్కెట్టులో, ఎండ పడని సందులో
సూదులూ దారాలూ బొత్తాలూ అమ్మేవాడు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు.
రష్యా ఇంజినీరు భార్య జినైదా
గొడుగేసుకుని వచ్చేది,
సగం మార్కెట్టు ఆమె వెనకాలే వచ్చేది.
ఇద్దరి మధ్యా భాష లేదు,
అంకెలున్నాయి:
దారం లచ్చి నడుముకి చుట్టిన కాగితం మీది అంకెలు.
ఆమె చీటీ మీద నలభై ఆరు వేస్తే
నాన్న ఎరుపు తీసేవాడు.
నాలుగొందల మూడంటే నలుపు.
ఒకటంటే తెలుపు.
ఒకట్లే ఎక్కువ అడిగేది.
"మంచు కుడతందేటో" అనేవాడు నాన్న,
ఐసుబండిలో తప్ప మంచు చూడనివాడు.

మా ఊరి గాలి సంగతి ఆమెకి తెలీదు.
ఇక్కడ సముద్రం తడివేలితో అన్నిటినీ తాకుతుంది,
కిటికీ ఊచల్ని, తాళంకప్పల్ని,
అమ్మ పెట్టెలో పెళ్ళినాటి పిన్నుల్ని.
ఆమె ఇంటినుంచి తెచ్చుకున్న సూదులు
మొదటి వానలకే తుప్పు పట్టాయి.

ఓరోజు దీపాలు పెట్టాక వచ్చింది.
తుప్పుసూది చూపించి, నాలుగు వేళ్ళు చూపించింది.
నాన్న తల అడ్డంగా ఊపాడు.
వెనక గాజుసీసాలో సూదులు మెరుస్తూనే ఉన్నాయి.
ఆమె సీసా వైపు చూపించింది.
నాన్న బల్బు చూపించాడు, ఆకాశం చూపించాడు,
రెండు చెవులూ పట్టుకున్నాడు.
పొద్దుగూకాక ఆ మాట పలకనే పలకం,
ఇంక అమ్మడమా!
ఏ అంకెతో చెప్పాలి దీన్ని?
ఆమె గొడుగు ముడుచుకుని వెళ్ళిపోయింది.
ఆ రాత్రి నాన్న అన్నం కెలికి లేచాడు.

తెల్లారకుండానే నన్ను లేపి
పాత ఫ్లానెల్ ముక్కకి ఆముదం రాసి
నాలుగు సూదులు గుచ్చి
పెదవాల్తేరు మొదటి బస్సెక్కించాడు.
"చేతికియ్యకు. కింద పెట్టు. తగూలొస్తాయి."
గుమ్మంలో పెట్టి నిలబడ్డాను.
ఆమె వంగి తీసుకుంది, వాసన చూసింది,
ముక్కు చిట్లించింది,
ఆ తరవాత నవ్వింది.
లోపలికి పిలిచి చట్రం చూపించింది.

మంచు కాదు.
తెల్లగుడ్డ మీద తెల్లదారంతో మా సముద్రం,
మిట్టమధ్యాహ్నపుది,
రంగంతా ఎండ తాగేశాక మిగిలేది.
మధ్యలో తుప్పుసూది వదిలిన మరక.
సబ్బుకి పోలేదు, నిమ్మచెక్కకీ పోలేదు.
దాని చుట్టూ సన్నగా నల్లగీత కుట్టి
రేవు పిలుపుకోసం బయట లంగరేసిన ఓడని చేసేసింది.

రెండేళ్ళు, ఆదివారాలు, నాకు కుట్టు నేర్పింది.
గుడ్డ వెనక్కి తిప్పి చూసేది ముందు.
ముడి ఉండకూడదు.
ముడెయ్యకపోతే ఎలా నిలుస్తుందని నా పోరు.
దారం కొసని కుట్ల కిందికి తోసి
లాగి చూడమనేది.
రాలేదు.

నాన్న పేరుకి అర్థం ఎవరు చెప్పారో,
ఓసారి కొట్లో తన గుండెమీద వేలు పెట్టుకుని
"పరదేశి" అంది.
ఆ వేలే నాన్న వైపు తిప్పి, మళ్ళీ అంది.
మార్కెట్టంతా నవ్వింది.
నాన్న సిగ్గుపడి ఒక లచ్చి కొసరేశాడు.

వెళ్ళిపోయే వారం పగటిపూటే వచ్చింది.
చట్రం నాన్న చేతికివ్వలేదు,
బల్లమీద పెట్టింది.
గుడ్డలో సూది అలాగే ఉంది, మూరెడు దారంతో.
పై కుడిమూల ఆకాశం ఖాళీ.

నలభై ఏళ్ళు దారమమ్మి
ఒక్క బొత్తాం కుట్టుకోని మనిషి
బేరాల్లేని మధ్యాహ్నాలు
కళ్ళజోడు తాడుతో కట్టుకుని
ఆ మూల మొదలెట్టాడు.
కొంగో, మబ్బో, ఏటో చెప్పలేదు.

ఇప్పుడు కొట్టు నాది.
గుడ్డ అడుగు సొరుగులో ఉంది.
అప్పుడప్పుడు తీసి వెనక్కి తిప్పుతాను.
ముప్పాతిక మేర ఒక్క ముడీ లేదు.
అక్కణ్ణించి
బఠాణీగింజలంతేసి,
ఒకదాని మీదొకటి, మొండిగా,
మా నాన్నవి.