మూడు చుక్కలు

హోరమావులో మా అపార్ట్‌మెంటుకి
నలభై రెండు ఇళ్లు, రెండు లిఫ్టులు, ఒక బోరు.
మూడేళ్లుగా నెలకో ఆదివారం పదకొండింటికి
తెర మీద గళ్లు తెరిచి
అన్నిటికీ కాపలా కాసింది నేనే.

అధికారమంటే ఏమంత పెద్దది కాదు.
ఎవరింట్లో కుక్కరు కూసినా
ఎవరి మామగారు వార్తల చానలు పెంచినా
నా వేలి కింద ఒక చిన్న మైకు బొమ్మ.
నొక్కితే ఎర్రబడేది,
ఇల్లు ఇల్లంతా నోరు మూసుకునేది.
మా ఇంట్లో ఆ సౌకర్యం నాకెప్పుడూ లేదు.

ఈ ఆదివారం అన్నాను:
"ఇక నావల్ల కాదు. ఎవరైనా తీసుకోండి."
అనడమే ఆలస్యం,
ఒక్కొక్క కెమెరా ఆరిపోయింది
కరెంటు పోయిన వీధిలా.
పద్మనాభరావుగారికి ఉన్నట్టుండి నెట్టు బాగాలేదు.
సుచరిత కొడుక్కి పరీక్షలట.
యూకేజీ.

రెండో పేజీలో, చివరి వరసలో
పసుప్పచ్చ చెయ్యొకటి లేచి ఉంది.
ఎప్పట్నుంచి లేచి ఉందో.
దాని పక్కన పేరు: రెడ్‌మీ నైన్ ఎ.

నాకు తెలుసు ఆ ఫోను.
కింద, సంపు గది పక్క ఇల్లు. అద్దెకుంటారు.
నోరు తెరిస్తే చాలు, వెనకాల గుర్రుమని ఒకటే రొద.
"అట్ల కాదు మేడమ్, ఒకతూరి ఇనండి" అనేలోగా
"మీ దగ్గర నాయిస్ ఎక్కువగా ఉందండీ" అని
మర్యాదగానే నొక్కేదాన్ని.
ముప్పై ఆరు ఆదివారాలు.
మర్యాదగానే.

పేరు పక్కన మూడు చుక్కలుంటాయి.
వాక్యం పూర్తిచేయలేనివాళ్లు పెట్టేలాంటివి.
వాటిని తాకాను.
"రెడ్‌మీ నైన్ ఎ ని హోస్టు చేయమంటారా?"
యంత్రం కూడా కాస్త అనుమానంగానే అడిగింది.
నిజమే, ఫోనుకెలా ఇస్తాం తాళంచెవులు?

"మీ పేరేమిటండీ?"
అడిగాక గాని తెలియలేదు
మూడేళ్లు ఆలస్యంగా అడిగానని.
"ఓబుళపతి, మేడమ్. కదిరి దగ్గర మాది.
ల కాదు, ళ."

దిద్దాను.
చేతిలో మిగిలిన ఆఖరి హక్కుతో
ఒక మనిషిని ఆయన పేరుతో రాశాను.
అప్పుడు నొక్కాను, సరే అని.

హోస్ట్ అనే మాట నా పేరు పక్కనుంచి లేచి
నాలుగంతస్తుల మెట్లు దిగి
కింది ఇంట్లో కూర్చుంది.
నా తెర మీద మీటలు ఒక్కసారిగా తగ్గిపోయాయి.
రిజిస్ట్రేషను కాగితాలున్న నా ఇంట్లోనే
అద్దెకు దిగినట్టనిపించింది.

ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు.
ఫోను పట్టుకుని లేచాడు.
తెర మీద గోడ ఊగింది, చెప్పుల స్టాండు ఊగింది,
ఒక ఇనప తలుపు కిర్రుమంది.
అదే రొద. ఈసారి దగ్గరగా,
చెవిలో దూరేంత దగ్గరగా.

"ఇది నాయిస్ కాదు మేడమ్, మోటరు.
సంపులో నీళ్లు అడుక్కి పోయినాక
గాలి తాగుతాంది.
నేను యెదురుగా నిలబడి ఆపితే ఆగుతాది,
డ్యూటీకి పోతే ఎవురాపల్ల?"

రెండుసార్లు వైండింగు కాలింది మాకు.
రెండుసార్లూ మీటింగు పెట్టాం,
ఎందుకు కాలిందో తెలియక,
ఆయన్ని మ్యూట్‌లో ఉంచి.
ఇంటికి పన్నెండొందలు వేసుకున్నాం.

ఆరిన కెమెరాలు ఒకటీ రెండూ వెలిగాయి.
ఎవరూ మాట్లాడలేదు.
ఆయన స్విచ్చి ఆపాడు.
ఆగిపోయాక తెలిసింది, అది
నా వంటింటి గచ్చు కింద కూడా
ఇన్నాళ్లూ సన్నగా వణుకుతూనే ఉండేదని.

"ఇనపడ్డాదా మేడమ్?"

"వినపడిందండీ" అన్నాను.
మళ్లీ అన్నాను.
నా పేరు పక్కన మైకు ఎర్రగా ఉంది.
ఆయన నొక్కాడో, కంగారులో నేనే నొక్కుకున్నానో.

చెయ్యెత్తే గుర్తు ఎక్కడో ఉండాలి.
ఈ మూడేళ్లలో నాకెప్పుడూ దాంతో పని పడలేదు.
వెతుకుతున్నాను.