నన్ను దేనికి లేపాలి

వారక్‌నబీల్ దాటాక భూమి బల్లపరుపు.
ధాన్యం సైలోల నెత్తిన మా యాంటెనాలు, తొమ్మిది.
మూడు వందల పన్నెండు ఇళ్ళు.
పాత ఊలు గోదాములో ఆఫీసు.
గ్రెటా నోస్కే యజమాని,
మిగతా సిబ్బంది అంతా నేను.

ఇన్నాళ్ళూ నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉన్నది
ఎనభై ఒక్కేళ్ళ బెరిల్ హిస్కాక్.
సాయంత్రం ఏడింటికి క్విజ్ చూస్తుంది.
తెర మీద సున్నా గిర్రున తిరిగిందంటే
వెంటనే ఫోను:
"అమ్మాయ్, మీ డబ్బా మళ్ళీ అలిగింది."
పడింది ఉత్తరం సైలోనా, తూర్పుదా అన్నది
ఆవిడ చిరాకు పాళ్ళని బట్టి చెప్పేదాన్ని.

జులైలో కాకటూలు కేబుల్ కొరికేశాయి.
నలభై ఇళ్ళు, పదకొండు గంటలు.
బెరిల్ తుంటి ఆపరేషన్‌కి బల్లారాట్ వెళ్ళింది.
ఎవరో ఒకరు చెప్పే ఉంటారని
అందరూ అనుకున్నారు.

"ఇక ఏదో ఒకటి తెచ్చుకుందాం" అంది గ్రెటా.

మొదటిది అద్దాల మేడలా ఉంది.
ఒక్కో సెన్సారుకి ఇంత అని లెక్క,
ఒక్కో రేడియోకి పది సెన్సార్లు.
గ్రెటా క్యాలిక్యులేటర్ బోర్లా పెట్టి
టీ కలపడానికి లేచింది.

రెండోది రేడియోల కంపెనీ వాళ్ళే ఉచితంగా ఇచ్చారు.
తన బిడ్డలే దాని కంటికి ఆనతారు.
దక్షిణాన పాతవి, వేరే కంపెనీవి,
కడపంక్తిలో కూర్చున్నాయి పాపం;
వడ్డించేవాడు వాళ్ళవాడు కాదు.

మూడోదాన్ని నేనే ఎక్కించాను
ఫ్రిజ్ మీది పాత కంప్యూటర్లోకి.
డబ్బు అడగదు. ఆదివారాలు అడుగుతుంది.
ఉత్సాహం కొద్దీ
అయిదు సెకన్లకోసారి అందర్నీ పలకరించమన్నాను.
బక్కచిక్కిన దక్షిణం లింకు
ఆ పలకరింపులకి బదులు చెప్పీ చెప్పీ
మనుషులకి బదులివ్వడం మానేసింది.
కంచే చేను మేసింది.
అయిదు సెకన్లని అయిదు నిమిషాలు చేశాను.

ఆ తర్వాత గాలివాన.
పడింది తల్లి టవరు ఒక్కటే.
నా ఫోను నూట నలభై ఏడుసార్లు ఏడ్చింది.
నాన్నా పులి, నాన్నా పులి, నాన్నా పులి.
నూట నలభై ఎనిమిదోదాన్ని
దిండు కిందికి తోసి పడుకున్నాను.
అది పశువైద్యుడిది, వేరే టవరు,
నిజం పులి.
తెల్లారి ఆయన ఏమీ అనలేదు. అదే బాధ.

ఆ వారమంతా కూర్చుని రాసింది ఒకటే:
నన్ను దేనికి లేపాలి.

తల్లి పోతే పిల్లల పేర్లు చదవకు.
గాలికి సిగ్నల్ కాస్త ఊగితే రాసి ఉంచు,
పొద్దున చూసుకుంటాను.
సైలో బ్యాటరీ పన్నెండు వోల్టులకి దిగితే లేపు.
అంబులెన్సు స్టేషను పోతే
నేను లేచేదాకా లేపు.
ఆఫీసులో కరెంటు పోతే నీ నోరే పడిపోతుంది,
నీ మౌనం చూసి అంతా క్షేమమనుకుంటాం.
అందుకని హార్షమ్‌లో, గ్రెటా చెల్లెలి బేకరీలో
పిండి మూటల పక్కన
నిన్ను చూడ్డానికి ఇంకో చిన్న డబ్బా.

బెరిల్ వాకరుతో తిరిగొచ్చింది.
ఇప్పుడు ఆవిడ గీత నాకు కంఠతా వచ్చు:
ఏడింటికి లేస్తుంది,
ఎనిమిదింటికి వాలుతుంది.

మొన్న గురువారం లేవలేదు.
ఆవిడ లింకు పచ్చగానే ఉంది.
పరికరం నాకేమీ చెప్పలేదు,
చెప్పమని నేను దానికి చెప్పలేదు.
"మనం చూడాల్సింది టవర్లని" అంది గ్రెటా,
"ఎవరింట్లో ఎవరేం చూస్తున్నారో మనకెందుకు?"
ఆమె మాట నిజం.
ఆ కిటికీ మూసేశాను.
ఏడూ ఇరవైకి మళ్ళీ తెరిచాను.

నాలుగు రింగులు.
అయిదు.

"క్విజ్ తీసేసి ఏదో ఎన్నికల చర్చ వేశారు,
కట్టేసి అల్లుకుంటున్నా" అంది బెరిల్.
"ఏం, మళ్ళీ అలిగిందా మీ డబ్బా?"

"లేదండీ" అన్నాను,
"ఊరికే, పలకరిద్దామని."