ఉప్పు చేతులు

గుణుపురం సంతలో ఎండుచేపలమ్ముతాను.
నా చేతుల్ని ఉప్పు వదలదు.
అందుకే మా ఢిల్లేసు
తన నత్తని నన్ను ముట్టుకోనివ్వడు.

కార్తీకం ముసురులో
బచ్చలిపాదు కింద దొరికిందట.
మూతకి మేకుతో బెజ్జాలు కొట్టిన హార్లిక్స్ సీసాలో
తడిమట్టి మీద దాని కాపురం.
రెండు దోసచెక్కలు, నలిపిన గుడ్డుపెంకు.
"గుల్ల గట్టిపడాలంటే సున్నం కావాలమ్మా."
వీడి పళ్ళకి నేనేం పెట్టానో గుర్తు రాలేదు.

పక్కింటి సంజుక్తా అపా నవ్వింది:
"గెండాని పెంచుతారా ఎవరైనా?
పులుసెట్టు, కళ్ళకి మంచిది."
ఆ రాత్రి సీసా వాడి దుప్పట్లో పడుకుంది.

వాడు బడికెళ్ళాక
దూరంనుంచే చూసేదాన్ని.
కొమ్ముల కొసన, ఆవగింజలో సగం లేని కళ్ళు
నావైపు తిరిగి
చటుక్కున లోపలికి పోయేవి.
నా వాసన దానికీ తెలిసిపోయింది.

ఒడియా వాచకం మూల కొరికేసిందొకసారి.
నత్త తిందండీ అన్నాడట మాస్టారితో.
నిజం చెప్పినందుకు రెండు దెబ్బలు.

ఫాల్గుణం దాటాక
గుమ్మానికి పొర కట్టుకుని పడుకుంది.
వాడు ఏడవలేదు.
రోజూ గుల్లని చెవికి ఆనించుకుని
ఫోను పట్టుకున్నట్టు నిలబడేవాడు.

వంశధార మీద మబ్బు దిగిన సాయంత్రం
వాడింకా ఆటలో ఉన్నాడు.
బూడిదతో కడిగాను, చింతపండుతో, నిమ్మచెక్కతో.
అయినా అరచేతిని నమ్మలేదు.
మోచేతి మడతలో పెట్టుకుందామంటే
చెమటా ఉప్పే కదా.
తడిగుడ్డతో తుడిచి, పెట్టుకుని,
నాలుగు చినుకులు చల్లాను.

చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత
చల్లగా, ఒక వేలి వెడల్పంత, నడిచింది.

ఢిల్లేసూ,
ఈ సంగతి నీకింకా చెప్పలేదు.