నిదానం

కోసేస్తే కేకలేస్తారు మొగిలీ,
కొయ్యొద్దు. నిదానం చెయ్యి,
అన్నాడు చెంగల్రాయులన్న
సంతపేట ఆఫీసులో, ఫ్యాను కింద కాళ్ళు చాపుకోని.
నిదానం చేస్తే
ఎవురి ఫోన్ని వాళ్ళే తిట్టుకుంటారు.

కంప్యూటర్లో ఒక గీత ఉంటుంది.
దాన్ని కిందికి లాగితే
రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా
మిట్టూరు, గిరింపేట, కొంగారెడ్డిపల్లె
సినిమాలన్నీ కర్ర పట్టుకోని నడుస్తాయి.
మన చానళ్ళ ప్యాకేజీ మాత్రం
పెండ్లికొడుకు మాదిరి నిగనిగ.
పైనుంచి వచ్చిన మాటంట.
పైన ఎవురో ఆయప్పకూ తెలీదు.

మా వంశానికి ఈ పని కొత్త కాదు.
మా నాయన టాకీసులో ఆపరేటరు.
ఊర్లోకి కేబులొచ్చిన ఏడు
ఓనరు కటింగ్ ప్లేయరు చేతిలో పెట్టి
ఆదివారం సాయంత్రం నాలుగు స్తంభాలు చూపించినాడంట.
ఆ తెగిన తీగ ఈ చెంగల్రాయులన్నదే.
మా నాయన్ని స్తంభం మింద నుంచి దించి
రెండు పీకి, టీ తాపించి పంపినాడు.
టాకీసు ఇప్పుడు మామిడికాయల మండీ,
తెర గోడకు ఆనించి తోతాపురి గుట్టలు.

వారం దినాల్లో
గ్రీమ్స్‌పేట టైలరు రౌటరు మార్చినాడు.
ఒక సారు కొడుకు వీపు మింద వాయించినాడు,
ఆటలాడి నెట్టంతా తగలేసినావని.

మురకంబట్టు జూసు ఫ్యాక్టరీలో
మంగవేణిది రెండో షిఫ్టు.
పదిన్నరకు ఇల్లు చేరి
మూడుసార్లు కడిగినా పోని సొన వాసన చేతుల్తో
ఫోన్ను ఉప్పు డబ్బాకు ఆనిస్తుంది.
సంగటి తిన్నంతసేపే సినిమా.
ఒక్క కథ పది రాత్రులొస్తుంది ఆయమ్మకు.

మంగళవారం ఫోన్ చేసింది:
"అన్నా, ఆ పిల్ల గొళ్ళెం మింద చెయ్యి పెట్టి
మూడు దినాలాయె, తలుపు తియ్యదు.
చక్రం తిరగతానే ఉండాది.
నా ఫోను ముసిల్దైపోయింది కదన్నా,
కంతుల్లో కొత్తది తీసుకునేదా?"

వద్దులేమ్మా అన్నా.
వానకు లైను అట్లే ఉంటుంది అన్నా.
చిత్తూర్లో వాన పడి నెలన్నర.

ఆ రాత్రి పదింబావుకు
ఆఫీసు షట్టరు సగానికి ఎత్తి, వంగి దూరి
మిట్టూరు మూడో సందులో
ఒక్క ఇంటికి గీత పైకి లాగినా.
పక్కింటికి లాగలేదు. ఎదురింటికీ లాగలేదు.
ఎందుకంటే ఏం చెప్పేది,
వాళ్ళు నాకు ఫోన్ చెయ్యలేదు.

పొద్దున్నే చేసింది.
"తలుపు తీసిందన్నా!"
లోపల ఏముందమ్మా, అనడిగినా.
"చెప్పేస్తే ఏముంటుంది? నువ్వే చూడు," అని
నవ్వి పెట్టేసింది.

చూద్దామనే కూర్చున్నా రాత్రి, బువ్వ ముందర.
నా ఇల్లుండేది గిరింపేటలో.