నక్షత్రం గడి

కరకంబాడి రోడ్డులో కొత్త గుడి.
గోడలకు రంగు వాసన ఇంకా పోలేదు.
చెప్పుల టోకెన్ నూట పద్నాలుగు,
అరచేతిలో చల్లగా ఇత్తడి బిళ్ల.

కొండకు పోవాలంటే సెలవు పెట్టాల.
ఇక్కడికైతే ఆసుపత్రి డ్యూటీ దిగి
షేర్ ఆటో ఎక్కితే చాలు.

అర్చన కౌంటర్లో అద్దం వెనక
కీబోర్డు మీద గోరింటాకు వేళ్లు.
"పేరు?"
"మునిరత్నమ్మ."
"గోత్రం?"
"తెలీదు పాపా."
"నక్షత్రం?"

నేను పుట్టింది చిత్తూరులో,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన,
రెండో షిఫ్టు సైరన్ కూస్తా ఉండగా.
అమ్మకు గుర్తుండేది అదొక్కటే.
తోతాపురి లారీలు వరస కట్టిన పొద్దు
ఆకాశం చూసే తీరిక ఎవరికుండాది?

"గడి నింపకుంటే ముందుకు పోదక్కా.
తెలీనోళ్లకి శ్రవణం కొడతాం,
స్వామివారిది."
కొట్టేసింది.

లోపల ఏసీ చలి. నల్లరాయి మీద
సీరియల్ లైట్లు ఆరి వెలుగుతున్నాయి.
అయ్యవారు మైకులో చీటీ చదివినాడు:
విష్ణు గోత్రం, శ్రవణా నక్షత్రం, మునిరత్...
మిగతాది ప్రింటరు మింగేసింది.

నలభై ఆరేళ్లకు నాకొక చుక్క,
అదీ అప్పుగా,
తన అప్పే ఇంకా తీరని దేవుడి దగ్గర.
వడ్డీ ఎంతో నేనడగలేదు,
ఆయనా చెప్పలేదు.

మెట్ల మీద కూచుని పులిహోర తింటా
అమ్మకు ఫోన్ చేసినా.
"నాది శ్రవణం అంట మా."
కాసేపు మాట లేదు.
తర్వాత అడిగింది:
"అది సైరన్ కంటే ముందా,
తర్వాతా?"