ఒక్కతాన

మిర్యాలగూడ బైపాసు మీద యాసంగి వడ్ల లారీలు
రెండు కిలోమీటర్ల పొడుగు ఆగిన రాత్రి,
మిల్లులో బియ్యం రంగు చూసి ఏరే మిషను
మూడోసారి కండ్లు మూసుకున్నది.

తవుడు బస్తా మీద కూర్చొని ల్యాప్‌టాప్ తెరిచిన.
ఒకటే ఫిర్యాదు:
కెమెరాకు పదహారు మెగాబైట్లు దొరకలేదు.
ఖాళీ ఎంతున్నదో అడిగిన.
మూడు వందల పన్నెండు.

హమాలీ మేస్త్రీ పర్వతాలు నా భుజం మీదుగా తొంగి చూసి
"ఉన్నది గదా మేడమ్, మరి లేదంటదేంది?" అన్నడు.

ఉన్నది. చిల్లర పైసల్లెక్క ఉన్నది.
దానికేమో నాలుగు వేల తొంభై ఆరు పేజీలు
నడుమ సందు లేకుండ, వరుసగా కావాలె.
చెదిరిన గదులను ఒక్క ఇల్లుగా చూపించే దళారి
ఈ అగ్గువ బోర్డులో లేడు.
మొదటి గడప చూపిస్తే చాలు,
పక్క గడపలన్నీ తనవే అనుకొని
నేరుగా నడుచుకుంట పోతది కెమెరా.

పర్వతాలు యార్డు దిక్కు చూసిండు.
"గాడ గూడ గదే కథ.
జాగున్నది, ఒక్కతాన లేదు."

మిషను నిద్ర లేచేటప్పుడే
కెమెరా పేరు మీద కొంత నేల గీసి పెడతది కెర్నల్.
గీసి, బీడు పెట్టదు.
వచ్చిపోయేటోళ్ళను ఉండనిస్తది, ఒక్క షరతు మీద:
లెమ్మన్ననాడు లేవాలె.
కెమెరా వచ్చిందా,
ఒక్కో పేజీని ఎత్తి, అక్షరం పొల్లు పోకుండ వేరేతాన దించి,
పట్టీలో చిరునామా దిద్దుతది.
లోపల ఉన్నోడికి
తాను కదిలినట్టే తెల్వదు.

ఇది మొదటిసారి చదివిననాడు నవ్వొచ్చింది.
తర్వాత రాలేదు.

మా నాయనోళ్ళది కొల్లాపురం అవతల, కృష్ణ ఒడ్డు.
నీళ్ళకు గూడ జాగ ఒక్కతానే కావాలె గదా.
లేపినోళ్ళు లెక్క రాసుకున్నరు, ఇండ్లు, బావులు, చింతచెట్లు.
మా నాయనమ్మ ఇసుర్రాయి లెక్కల లేదు.
పట్టీలో చిరునామా దిద్దినోడు లేడు.
మా చిన్నతాత పట్టాళం నుంచి రాసిన ఉత్తరాలు
రెండేండ్లు నీళ్ళ మీదికే పోయినయి.

ఒంటిగంట దాటినంక దొరికింది.
నాలుగు వేల తొంభై అయిదు లేచినయి.
ఒక్కటి లేవలేదు.
దానికి మేకు కొట్టి ఉన్నది.

ఎవరిదని చూస్తే, కాంటాది.
రైతు బస్తా ఎక్కినప్పుడల్లా బరువు వచ్చి పడే పేజీ.
కాంటా చెయ్యి చాపేది ఆ ఒక్క చోటుకే.
తూకం నడుమ దాన్ని జరిపితే
ఎవరిదో నలభై కిలోల కష్టం
ఎవరిదీ కాని గదిలో పడుతది.

మేకు కొట్టింది నేనే.
పోయిన వానకాలం, బయట హారన్లు మోగుతుంటే, తొందరల,
ఎవరి నేలల కొడుతున్ననో చూడకుండ.

"పీకెయ్యరాదు?" అన్నడు పర్వతాలు, బీడీ ఆర్పకుండ.
పీకొద్దు. పీకితే తూకం ఆగుతది.
"అయితె పాతేటప్పుడే అవతల పాతాలె" అన్నడు,
గింత చిన్న ముచ్చటకు
గిన్ని చదువులెందుకన్నట్టు.

రెండు బస్తాల నడుమ కాంటాను ఒక్క నిమిషం ఆపిన.
మూడు లైన్లు మార్చిన: ముందు గీత దాటించు,
తర్వాత మేకు కొట్టు.

మిషను కండ్లు తెరిచింది.
తెల్లటి ధారలోంచి నల్ల గింజ ఒకటి
గాలిపోటుకు ఎగిరి పక్కకు పడ్డది, ఇంకోటి, ఇంకోటి.
ఒకప్పుడు చాటతోని అదే పని చేసిన సైదమ్మ
కింద పడ్డవాటిని చీపురుతోని కుప్ప చేస్తున్నది.
ఆమె ఎన్నడూ కరెంటు పోయిందని ఆగలేదట. ఆమే చెప్పింది.

అంతల లారీ వెనక్కి వస్తున్నది.
"లెవ్వు బిడ్డా, బండి తిప్పాలె" అన్నది, నా బస్తా చూపించి.

లేచిన.
ల్యాప్‌టాప్ తెరిచే ఉన్నది చేతుల మీద,
ఎక్కడ దించుకోవాలో
ఇంకా ఎవరూ చెప్పలేదు.